వాసన కాదు బాబూ, సరుకే!

బెంగుళూరుకు సముద్రం లేదు. రేవు చూడాలంటే అయిదారు గంటలు రైల్లో కూర్చుని చెన్నపట్నం వెళ్ళాలి. హలసూరు చెరువులో పిల్లలతో పడవెక్కిన జ్ఞాపకం తప్ప మనలో చాలామందికి పడవతో వేరే పరిచయం ఉండదు. అలాంటి ఊళ్ళో కూర్చుని, పడవలో ఒలికిన డీజిలు వాసన ఎలా పోగొట్టాలో రాస్తానంటే, "ఈ బ్యాంకాయనకు రాయడానికి ఇంకేమీ దొరకలేదా?" అని మీకు అనిపించవచ్చు. అనిపిస్తే తప్పులేదు. అయితే ఒక్క మాట.

మన సంఘం సభ్యుల్లో కాకినాడ, నరసాపురం, బందరు, నెల్లూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు తక్కువేమీ కాదు. వాళ్ళ బంధువర్గంలో పడవ ఉన్నవాళ్ళో, పడవలకు పెట్టుబడి పెట్టినవాళ్ళో ఎవరో ఒకరు ఉంటారు. ఇక మిగిలిన మనకు కారు డిక్కీ ఉంది. అపార్టుమెంటు జనరేటరు కోసం డబ్బాలో డీజిలు తెచ్చుకునే అలవాటుంది. సెల్లారులో పెట్రోలు కారే పాత స్కూటరుంది. ఈ లెక్కలన్నింటిలోకీ పడవ లెక్క కష్టమైనది. అది వచ్చినవాడికి మిగతావి చేతివేళ్ళ మీది కూడికలు.

ముక్కు చెప్పే సంగతి

నేను వాణిజ్యశాస్త్రం చదివినవాణ్ణి. రసాయనశాస్త్రం నా సబ్జెక్టు కాదు. కానీ ఈ విషయంలో కావలసిన రసాయనశాస్త్రం జమాఖర్చుల పద్దుకన్నా సులువు. వాసన అనేది ఒలికిన ఇంధనం వెళ్ళిపోతూ వదిలిన గుర్తు కాదు. ఆ ఇంధనమే ఆవిరై, కొంచెం కొంచెంగా మన ముక్కులోకి వస్తోంది. వాసన వస్తోందంటే సరుకు ఇంకా ఎక్కడో ఉందన్నమాట. ఖాతాలో వడ్డీ పడుతూనే ఉందంటే అసలు తీరలేదని కదా అర్థం! ఇదీ అంతే.

పెట్రోలుకూ డీజిలుకూ ఇక్కడ పెద్ద తేడా ఉంది. పెట్రోలు త్వరగా ఆవిరవుతుంది. కనుక గాలి బాగా ఆడితే వాసన త్వరగానే పోతుంది. కానీ ఆ ఆవిరైపోయే లోపల ప్రమాదం చాలా ఎక్కువ. సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా నిప్పురవ్వ తగిలితే అంటుకునేంత ఆవిరి పెట్రోలు నుంచి వస్తుంది. పైగా ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పొగలాగా పైకి పోదు, నీళ్ళలాగా పల్లానికి చేరుతుంది.

డీజిలు తీరు వేరు. అది అంత సులువుగా అంటుకోదు, అంత సులువుగా వదలదు కూడా. పలచని జిడ్డుగా పరుచుకుని వారాలకొద్దీ వాసన వేస్తుంది. ఎంత పలచగా పరుచుకోగలదో ఒక లెక్క చెబుతాను. నీటి మీద నూనె తేలితే ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి కదా, ఆ పొర మందం సుమారు ఒక మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు అనుకుందాం. ఆ మందాన ఒక లీటరు డీజిలు వెయ్యి చదరపు మీటర్లు కప్పుతుంది. మన బెంగుళూరు భాషలో చెప్పాలంటే, నాలుగు నలభై-అరవై సైట్లు నిండి, ఇంకా సగం సైటు మిగులుతుంది. ఒక్క లీటరే! ఇక డిక్కీలో ఒలికిన అర లీటరు ఎన్ని మూలల్లోకి వెళ్ళి ఉంటుందో మీరే ఊహించుకోండి.

పడవకు ఇంకొక చిక్కుంది. పడవ అడుగు చిల్లిలేని గిన్నె. బయటి నీళ్ళు లోపలికి రాకూడదని కట్టినది కనుక, లోపల పడింది బయటికీ పోదు. ఒలికిన నూనె, కెరటాలకు లోపల పడిన నీళ్ళు, చేపల నుంచి కారిన మంచునీళ్ళు అన్నీ అడుగునే చేరతాయి. పడవ ఊగినప్పుడల్లా ఆ జిడ్డు పక్క చెక్కలకు పూత పూసినట్టు ఎక్కుతుంది. బరువైన ఆవిరి కూడా అక్కడే కూర్చుంటుంది.

కాకినాడలో నేను చూసినది

1990ల చివర్లో నేను కొంతకాలం కాకినాడ వైపు పనిచేశాను. మా శాఖలో మరపడవలకు ఇచ్చిన అప్పులు చాలానే ఉండేవి. వాటిలో ఒక ఖాతా నాలుగు వాయిదాలు వెనకబడింది. సంగతేమిటో చూసి రమ్మని మా మేనేజరు గారు నన్ను పంపించారు.

ఆ పడవ యజమానికి వేట బాగానే పడుతోంది. చిక్కంతా పాట దగ్గర వస్తోంది. కొనేవాళ్ళు వంజరం చేపను పైకెత్తి, మొప్ప దగ్గర వాసన చూసి, మాటైనా ఆడకుండా మళ్ళీ కింద పెట్టేసేవారు. ఇంజను కింద ఒక గొట్టం అతుకు దగ్గర డీజిలు చుక్కచుక్కగా కారి, అడుగు నీళ్ళలో కలిసి, మంచు పోసే అర చెక్కలకు పట్టింది. అక్కణ్ణుంచి మంచుకు, మంచు నుంచి చేపకు పట్టింది. చేపకు నూనె వాసన పట్టిందంటే ఉప్పు రాసినా, పులుసు పెట్టినా పోదు. సగం ధరకు కూడా అడిగేవాడు లేడు. ఇంట్లో ఆరుగురు, పడవ మీద అయిదుగురు కలాసీలు. అందరి తిండీ ఆ వాసన దగ్గర ఆగిపోయింది.

ఆయన చేతనైనన్ని పనులు చేశాడు. ఫినాయిలు పోశాడు, సున్నం చల్లాడు, సాంబ్రాణి పొగ కూడా వేశాడు. రెండురోజులు తగ్గినట్టే ఉండి మూడోరోజు మళ్ళీ వచ్చేది. నేను వెళ్ళిన రోజున పడవల పని చేసే ఒక ముసలి వడ్రంగి అక్కడ కూర్చుని ఉన్నాడు. "ఈ వాసన ఎప్పటికి పోతుంది పెద్దయ్యా?" అని అడిగాను. ఆయన చుట్ట పక్కన పెట్టి, "వాసన కాదు బాబూ, సరుకే. సరుకు కింద కూకుని ఉంటే పైన ఏం జల్లితే ఏం లాభం?" అన్నాడు.

తరువాత వారం రోజులు ఆ పడవ వేటకు వెళ్ళలేదు. ముందు గొట్టం అతుకు మార్చారు. అడుగు చెక్కలు విప్పి తీశారు. జిడ్డునీళ్ళు తోడి పాత డబ్బాల్లో పోశారు. రంపపు పొట్టు దట్టంగా పరిచి, అది తడిసినప్పుడల్లా ఎత్తేసి మళ్ళీ కొత్తది పరిచారు. జిడ్డు పీల్చడం ఆగాకే సబ్బునీళ్ళు, వేడినీళ్ళు, బ్రష్షులు దిగాయి. మంచు అరలో డీజిలు తాగేసిన నాలుగైదు చెక్కలను కడగడం మానేసి ఏకంగా మార్చేశారు. మిగతావి ఎండలో ఆరబెట్టారు. ఫినాయిలు ఊసే లేదు.

తోడిన జిడ్డునీళ్ళ డబ్బాలు రేవులోకి వంచబోయిన ఒక కుర్రాణ్ణి ఆ ముసలాయన కేకేసి ఆపాడు. "ఇక్కడ పోత్తే మళ్ళీ మన వలకే వత్తాదిరా!" అన్నాడు. ఆ మాటకు తరువాత వద్దాం. ఆ సీజను పూర్తయ్యేసరికి ఆ ఖాతా బాకీ తీరింది. తనిఖీ నివేదికలో "చేపలకు మార్కెట్ ధర లభిస్తున్నది" అని నేను రాసిన ఒక్క వాక్యం వెనక అంత కథ ఉంది.

వరుస తప్పకూడదు

పడవైనా కారైనా చేయవలసిన పని ఒకటే. అయితే వరుస ముఖ్యం. వరుస తప్పితే కష్టమంతా వృథా అవుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

మొదటిది, నిప్పు. వాసన తెలిసిన క్షణం నుంచి బీడీ, సిగరెట్టు, స్టవ్వు, అగరువత్తి ఏదీ వద్దు. మనుషులను దింపెయ్యాలి. పెట్రోలైతే ఇంజను తిప్పకూడదు, మోటారు పంపు వెయ్యకూడదు, స్విచ్చి ముట్టకూడదు. ఇంట్లో వాడే వాక్యూం క్లీనరుతో పెట్రోలు పీల్చాలనే ఆలోచన అసలే వద్దు, దాని మోటారులో పుట్టే నిప్పురవ్వ చాలు. ఎక్కువ ఒలికితే మన తెలివితేటలు పక్కనపెట్టి 112కి ఫోను చెయ్యడమే మంచిది. విశాఖపట్నం చేపల రేవులో 2023 నవంబరు 19 రాత్రి పదుల కొద్దీ పడవలు కాలిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఒక పడవలో మొదలైన మంట పక్క పడవలకు పాకింది. పడవల్లోని డీజిలు, వంటగ్యాసు సిలిండర్లు ఆ మంటను పెంచాయి. ఎన్నో ఏళ్ళ కష్టార్జితం తెల్లారేసరికి బొగ్గయింది.

రెండోది, కారే చోటు. అది మూయకుండా ఎంత తుడిచినా చిల్లి బిందెకు నీళ్ళు పోసినట్టే.

మూడోది, గాలి. మూతలు, తలుపులు అన్నీ తెరవాలి. ఆవిరి కిందికి చేరుతుంది కనుక పైకిటికీ ఒక్కటి తెరిస్తే చాలదు. అడుగు మూతలు కూడా తీయాలి.

నాలుగోది, పీల్చడం. రంపపు పొట్టు, పొడి ఇసుక, పాత గుడ్డలు, పాత పేపర్లు ఏవైనా సరే. నీళ్ళు మాత్రం ఇప్పుడే పోయకండి. నీళ్ళు పోస్తే నూనె దాని మీద తేలి, అప్పటిదాకా వెళ్ళని మూలలకు కూడా వెళుతుంది. పీల్చిన పొట్టును, గుడ్డలను మూసిన గదిలో పోగుపెట్టకుండా ఆరుబయట, నిప్పుకు దూరంగా ఉంచాలి.

అయిదోది, సబ్బు. గిన్నెలు తోమే ద్రవం గోరువెచ్చని నీళ్ళలో కలిపి, పోసి, పావుగంట నాననిచ్చి, బ్రష్షుతో రుద్ది, తుడిచి లేదా తోడి బకెట్లోకి తీయాలి. తోడిన నీళ్ళ మీద రంగులు కనిపించినంతకాలం మళ్ళీ మళ్ళీ చెయ్యవలసిందే. పెట్రోలైతే బాగా ఆరి, ఆవిరి పోయాకే ఈ పని. వాసన పోతుందని బ్లీచింగు పోసేవాళ్ళుంటారు. అది జిడ్డును తీయదు. పైగా బాత్రూం యాసిడ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది.

ఆరోది, వదులుకోవడం. ఫైబరు పడవకు పగుళ్ళు లేకపోతే జిడ్డు లోపలికి దిగదు. చెక్క తాగుతుంది. స్పాంజి, తివాచీ, తాళ్ళు మరీ తాగుతాయి. వాటిని కడుగుతూ కూర్చోవడం కన్నా పారేసి కొత్తవి వేసుకోవడం చవక. బ్యాంకు భాషలో వాటిని రాని బాకీలుగా కొట్టేయాలి. పెట్రోలు పడిన థర్మోకోలు పెట్టె సంగతైతే చెప్పనక్కరలేదు, పెట్రోలుకు థర్మోకోలు కరిగే పోతుంది.

ఏడోది, ఎండా గాలీ. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది. పడవలు ఒడ్డున ఉండేదీ, ఎండ మెండుగా ఉండేదీ అప్పుడే. అడుగు చెక్కలు విప్పి శుభ్రం చేసుకోవడానికి అంతకన్నా మంచి అదను లేదు.

ఇన్నీ అయ్యాక మిగిలిన కొసరు వాసనకు వంటసోడా చల్లి ఒకరోజు ఉంచి ఊడ్చెయ్యవచ్చు. యాక్టివేటెడ్ కార్బన్ అని బజారులో దొరికే బొగ్గు సంచులు ఇంకా బాగా పనిచేస్తాయి. ఆ బొగ్గులో ఉండే సన్నని రంధ్రాలు నూనె ఆవిరిని పట్టి ఉంచుతాయి. కానీ అవి చివరి పనికే. మొదటే పెడితే చెంబుతో చెరువు తోడినట్టు ఉంటుంది.

ఆఖరుగా, పోయిందో లేదో మీ ముక్కును అడగకండి. గంటసేపు ఒకే వాసనలో ఉన్న ముక్కు దాన్ని గుర్తించడం మానేస్తుంది. అక్కడ లేని మనిషిని పిలిచి అడగండి.

మన ఇళ్ళలో

మా అపార్టుమెంటులో ఒకరి కారు డిక్కీలో జనరేటరు డీజిలు ఒలికింది. పాపం వాళ్ళు కర్పూరం, నిమ్మచెక్కలు, కాఫీపొడి, రెండు మూడు రకాల సెంట్లు ప్రయోగించారు. మూడు వారాలకు కారులో డీజిలూ మల్లెపూలూ కలిసిన ఒక వింత వాసన స్థిరపడింది. బడికి తీసుకువెళ్ళే పిల్లకు రోజూ తలనొప్పి. ఆ ఇంటి అమ్మాయి మా ఆవిడతో చెప్పుకుంటే, "ముందు ఆ తివాచీ ఎత్తి చూడు తల్లీ" అంది మా ఆవిడ. కాకినాడ కథ ఆవిడకు కంఠతా వచ్చు. ఎత్తి చూస్తే కింద స్పేరు చక్రం పెట్టే గుంటలో డీజిలు నిలిచి ఉంది. అచ్చంగా పడవ అడుగే! దాన్ని పీల్చి, కడిగి, తివాచీ మార్చాక నాలుగు రోజుల్లో కారు మామూలుగా అయింది.

బట్టల మీద పడితే వెంటనే వాషింగ్ మెషీన్లో వేయకండి. ఆరుబయట బాగా ఆరేసి, విడిగా సబ్బుతో చేత్తో ఉతికి, వాసన పూర్తిగా పోయాకే మిగతా బట్టల్లో కలపండి. వేడితో ఆరబెట్టే డ్రయ్యరులో అసలే వద్దు. చేతులకు డీజిలు అంటితే కాస్త కొబ్బరినూనె రాసి తుడిచి, తరువాత సబ్బుతో కడుక్కుంటే సులువుగా పోతుంది. జిడ్డును జిడ్డే లాగుతుంది.

ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి?

ఇప్పుడు ఆ వడ్రంగి రెండో మాటకు వద్దాం. సబ్బు నూనెను చంపదు. చిన్నచిన్న బిందువులుగా విడగొట్టి నీళ్ళలో కలిపేస్తుంది, అంతే. మనకు కనిపించదు కనుక పోయిందనుకుంటాం. పెద్ద ఓడలు తమ అడుగు నీళ్ళను సముద్రంలోకి వదలాలంటే, అందులో నూనె పది లక్షల పాళ్ళలో 15 పాళ్ళు మించకూడదని అంతర్జాతీయ నియమం. మన డిక్కీ కడిగిన బకెట్టుకు అలాంటి పరీక్ష ఏదీ లేదు.

ఆ బకెట్టును వీధి కాలువలో పోస్తే అది రాజకాలువె చేరుతుంది. ఊరి తూర్పు, ఆగ్నేయ భాగాల నీళ్ళు బెళ్ళందూరు చెరువుకు, అక్కణ్ణుంచి వర్తూరుకు, తరువాత దక్షిణ పినాకినికి పోతాయి. ఆ నది తమిళనాడు దాటి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పడమటి వైపు నీళ్ళు వృషభావతి, అర్కావతి మీదుగా కావేరికి పోతాయి. బెళ్ళందూరులో 2015లో నురుగు మండింది. 2017 ఫిబ్రవరిలోనూ, 2018 జనవరిలోనూ మళ్ళీ మంటలు లేచాయి. చెరువు మండడమేమిటని దేశమంతా విస్తుపోయింది. ఊరి మురుగు, సబ్బు, చెత్త అన్నీ కలిసి చేసిన పని అది. ఎవరి బకెట్టు ఎంత అని ఎవరూ లెక్క తేల్చలేరు.

పైనుంచి వచ్చిన నూనె కిందివాళ్ళను ఏం చేస్తుందో ఎన్నూరు చూపించింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను, అంతకుముందు రోజుల్లో చెన్నైని ముంచెత్తింది. ఆ వరదలో మణలి ప్రాంతంలోని చమురు శుద్ధి కర్మాగారం వైపు నుంచి నూనె బకింగ్‌హాం కాలువలోకి, అక్కణ్ణుంచి కొసస్తలైయార్ నదికి, ఎన్నూరు కయ్యకు చేరింది. ఆ కాలువ మనకు పరాయిది కాదు. పెదగంజాం నుంచి చెన్నై మీదుగా మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సాగే కాలువ అది. ఒకప్పుడు మన తీరం నుంచి సరుకు పడవలు మద్రాసుకు అందులోనే వెళ్ళేవి. ఇప్పుడు అదే దారిన నూనె వెళ్ళి, జాలర్ల పడవలకు, వలలకు, ఇంటి గోడలకు నల్లగా పట్టుకుంది. చేపలు పట్టినా కొనేవాళ్ళు లేరు. అంతకుముందు 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గరే రెండు ఓడలు ఢీకొన్నప్పుడు, జనం బకెట్లతో నూనె తోడడం చూశాం. ఆరేళ్ళు దాటిన తరువాత మళ్ళీ అదే దృశ్యం.

2023లో తమిళనాడు ప్రభుత్వం సాయం ప్రకటించింది. 2,301 మత్స్యకార కుటుంబాలకు 12,500 రూపాయల చొప్పున, మరో 6,700 కుటుంబాలకు 7,500 చొప్పున, దెబ్బతిన్న 787 పడవలకు 10,000 చొప్పున. అలవాటు కొద్దీ కూడి చూశాను, మొత్తం 8 కోట్ల 68 లక్షల పైచిలుకు. అందులో పడవల పద్దు 78 లక్షల 70 వేలు. ఒక్కొక్క పడవకు పదివేలు. వారం రోజులు వేట మానుకుని, చెక్కలు మార్చి, పొట్టు పరిచి, కడిగి, ఆరబెట్టిన ఆ కాకినాడ పడవను చూసినవాణ్ణి కనుక, ఆ పదివేలు ఎంత దూరం వస్తాయో నాకు తెలుసు. నూనెలో మునిగిన వల సంగతి సరేసరి. దాన్ని కడగడం కన్నా కొత్తది కొనడమే నయం.

కనుక పీల్చిన పొట్టు, గుడ్డలు, తోడిన జిడ్డునీళ్ళు మూత ఉన్న డబ్బాలో పోసి, మీ కారు మరమ్మతు చేసే వర్క్‌షాపు వాళ్ళకు ఇవ్వండి. వాడేసిన ఇంజనాయిలును పంపించే చోటికి దాన్నీ పంపించమని అడగండి. తీసుకోమంటే ఇంకొకరిని అడగండి. అపార్టుమెంటులో అయితే జనరేటరు చూసుకునే వాళ్ళతో ముందే మాట్లాడి పెట్టుకోవచ్చు. ఒక డబ్బా, ఒక ఫోను, పది నిమిషాల పని.

ఒలకడం ఎవరి చేతిలోనైనా జరుగుతుంది. దాన్ని ఇల్లు మార్చి ఊరుకుంటామా, ఖాతా మూసేస్తామా అన్నదే ప్రశ్న. మన డిక్కీలో పోయిన వాసన దక్షిణ పినాకిని చివర ఏ జాలరి పడవలోనో తేలితే, ఆ బాకీ తీరినట్టు కాదు. ఇంకొకరి పేరున రాసినట్టు!